చట్టం కంటికి ఆనని చిట్టీ

సూరత్ శివార్లలోని కోసాడ్‌లో ఇల్లు, అప్పు, కూలీ చాలావరకు కాగితం ముక్క మీదో నోటి మాట మీదో నడుస్తాయి. న్యాయశాస్త్ర ఆచార్యులు దశాబ్దాలుగా తలలు బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్నలకు ఇక్కడ రోజూ జవాబులు దొరుకుతాయి. అవన్నీ తీపివి కావు.

ముంబయి నుంచి అహ్మదాబాద్ వెళ్లే రైలు సూరత్ వదిలి తాపీ నది వంతెన దాటగానే ఉత్రాణ్, ఆ తర్వాత కోసాడ్. పెద్ద ఎక్స్‌ప్రెస్‌లు పట్టించుకోని స్టేషన్ అది. 2006లో సూరత్ నగరపాలక సంస్థ తన హద్దులను సుమారు 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326 చదరపు కిలోమీటర్లకు పెంచుకున్నప్పుడు నగరం ఉత్తరాన నది దాటి చాలా దూరం పాకింది. పొలాల మధ్య ఉన్న కోసాడ్ నగరంలో కలిసిపోయింది. అదే ఏడాది ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి సూరత్‌ను ముంచెత్తింది. నది ఒడ్డున, రోడ్ల పక్కన ఉన్న బస్తీలను ఖాళీ చేయించి వేరే చోటికి పంపాలన్న ఆలోచనకు ఆ తర్వాత ఊపు వచ్చింది. ఆ వేరే చోట్లలో పెద్దది కోసాడ్.

ఇప్పుడు సూరత్‌లో ఆ పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది 'కోసాడ్ ఆవాస్'. 2005 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద పేదలకోసం కట్టిన అపార్ట్‌మెంట్ల వరుసలివి. ఇల్లు పూర్తిగా ఉచితం కాదు. లబ్ధిదారు కనీసం 12 శాతం, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనకబడిన వర్గాల వారైతే 10 శాతం తమ వాటాగా చెల్లించాలన్నది ఆ పథకం నియమం. డబ్బు కట్టారు, తాళం చేతికొచ్చింది. మరి ఇల్లు వారిదేనా? అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఇలాంటి పథకాల్లో ఇచ్చిన ఇంటిని నిర్ణీత కాలం దాకా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. ఇస్తే కేటాయింపు రద్దవుతుంది.

కానీ మనిషి అవసరాలు నిర్ణీత కాలం దాకా ఆగవు. నది ఒడ్డు నుంచి వచ్చిన కుటుంబానికి పాత పనిచోటు దూరమైపోయింది. ఆటో ఖర్చులకే కూలీలో పెద్ద ముక్క పోతుంది. కూతురి పెళ్లి, ఆస్పత్రి ఖర్చు ఉండనే ఉంటాయి. ఇల్లు అమ్మాలనుకునేవారికి, కొనాలనుకునేవారికి మధ్య చట్టం గోడ కడితే ఆ గోడకు కన్నం పెట్టే పనిముట్లు కూడా చట్టం నుంచే వస్తాయి. స్టాంపు కాగితం మీద ఒప్పందం, నోటరీ ముద్ర, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఎందుకైనా మంచిదని ఒక వీలునామా. ఈ నాలుగూ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తాళంతో పాటు ఇచ్చేస్తే 'అమ్మకం' అయిపోయినట్టే. కరెంటు బిల్లు మాత్రం పాత పేరు మీదే వస్తుంటుంది.

ఈ కవర్ విలువెంత? సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది: పవర్ ఆఫ్ అటార్నీ, ఒప్పందం, వీలునామాల ద్వారా స్థిరాస్తి చేతులు మారదు, రిజిస్టరైన దస్తావేజు ఉండాల్సిందే. ఇందులో కొత్తదనమేమీ లేదు. ఆస్తి బదిలీ చట్టం 1882 నుంచీ అదే చెబుతోంది. ఆ చట్టం 54వ సెక్షన్ ప్రకారం నూరు రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 1882లో నూరు రూపాయలంటే ఓ మాట. ఇవాళ సూరత్‌లో ఆ డబ్బుకు కడుపు నిండా గుజరాతీ థాలీ దొరకడం కూడా అనుమానమే. దేశంలో అన్ని ధరలూ మారాయి గానీ ఆ అంకె మారలేదు.

కవర్లో ఉన్న కాగితాల్లో బలమైనదిగా కనిపించే పవర్ ఆఫ్ అటార్నీ నిజానికి చాలా బలహీనం. ఇచ్చిన మనిషి చనిపోతే సాధారణంగా దాని ప్రాణం కూడా పోతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఆ మాట చెబుతోంది. అంటే ఇల్లు 'కొన్న' కుటుంబం, అమ్మినవారి ఆరోగ్యం బాగుండాలని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. చనిపోయాక వారసులు వచ్చి తలుపు తడితే నోటరీ ముద్ర చూపించి లాభం లేదు.

తెలుగు పాఠకుడికి ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. తెలంగాణలో సాదా బైనామా కథ ఇదే. తెల్ల కాగితం మీద రాసుకుని, పెద్దమనుషుల సంతకాలతో కొన్న పొలాలు తరాల తరబడి సాగులో ఉన్నాయి గానీ పాసు పుస్తకంలో లేవు. వాటిని క్రమబద్ధం చేసేందుకు 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో తెలంగాణ ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంటే లక్షల్లో వచ్చిపడ్డాయి. ఆ వ్యవహారం హైకోర్టుకెక్కి ఏళ్ల తరబడి నానింది. ఇటు అసైన్డ్ భూములదీ అదే తంతు. ప్రభుత్వం పేదకిచ్చిన భూమిని అమ్మకూడదని ఆంధ్రప్రదేశ్ 1977లో చట్టం చేసింది. అమ్మకాలు ఆగాయా అంటే, లేదు. చవకగా జరిగాయి. చివరికి 2023లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి, భూమి పొంది 20 ఏళ్లు దాటిన అసలు లబ్ధిదారులకు హక్కులు ఇచ్చేందుకు దారి తెరిచింది.

అర్థశాస్త్రం తెలిసిన న్యాయకోవిదులు ఎత్తిచూపే విషయం ఈ 'చవక'లోనే ఉంది. నిషేధం అమ్మకాన్ని ఆపదు, ధరను పడగొడుతుంది. రేపు పోవచ్చునన్న భయం ఉన్న ఇంటికి కొనేవాడు పూర్తి ధర ఎందుకిస్తాడు? ఆ తేడా పోయేది పేదవాడి జేబులోంచే. అలాగని నిషేధం ఎత్తేస్తే, వీధి చివర కాచుకు కూర్చున్న దళారులు ఏడాది తిరగకుండా వరుసలకు వరుసలు కొనేసే ప్రమాదమూ ఉంది. రెండు వాదాల్లోనూ పస ఉంది. ఏ వాదం నెగ్గినా, ప్లాస్టిక్ కవర్‌ను నమ్ముకుని ఇప్పటికే ఇంట్లో ఉంటున్న కుటుంబానికి మాత్రం అది జవాబు కాదు.

చట్టం పుస్తకంలో ఒకలా, వీధిలో ఒకలా ఎందుకుంటుందన్న ప్రశ్నను మనదేశంలో లోతుగా పట్టించుకున్న ఆచార్యుల్లో ఉపేంద్ర బక్షి ఒకరు. ఆయనకు సూరత్‌తో సంబంధం ఉంది. 1938లో రాజ్‌కోట్‌లో పుట్టిన బక్షి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించారు. 1982 నుంచి 1985 దాకా సూరత్‌లోని దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. మథుర అత్యాచారం కేసు తీర్పును ప్రశ్నిస్తూ 1979లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాసిన నలుగురిలో ఆయన ఒకరు. మిగతా ముగ్గురు లోతికా సర్కార్, వసుధా ధగమ్వార్, రఘునాథ్ కేల్కర్. దేశంలో అత్యాచార చట్టం 1983లో మారడానికి ఆ లేఖ రేపిన కదలికే దోహదం చేసింది.

కానీ కోసాడ్‌కు పనికొచ్చే బక్షి వేరు. 1970ల్లో ఆయన గుజరాత్‌లోని రంగ్‌పూర్ అనే ఆదివాసీ ప్రాంతంలో హరివల్లభ్ పారీఖ్ నడిపిన లోక్ అదాలత్‌ను అధ్యయనం చేశారు. 1976లో వెలువడిన ఆ వ్యాసానికి ఆయన పెట్టిన శీర్షికలో 'తక్రార్ నుంచి కరార్‌కు' అన్న మాటలున్నాయి. తెలుగువారికి వీటికోసం నిఘంటువు అక్కర్లేదు. తకరారు, కరారు రెండూ మన కచేరీ భాషలో ఎప్పటి నుంచో ఉన్నవే. ఆశ్రమంలో చెట్టు కింద, ఊరందరి ముందు సాగే ఆ విచారణకు ప్రభుత్వ ముద్ర లేదు. అయినా తీర్పును జనం పాటించేవారు. పోలీసు లేకుండా, జైలు లేకుండా అదెలా సాధ్యమైందన్నదే ప్రశ్న. రాజ్యం చేసే చట్టం పక్కనే జనం నడుపుకునే చట్టం కూడా ఒకటి ఉంటుందని, దాన్ని ఆచారమని కొట్టిపారేయకుండా చట్టంగానే చూడాలని ఆ అధ్యయనం న్యాయ పండితులకు గుర్తుచేసింది. సర్కారు కూడా ఆ పేరునే అరువు తెచ్చుకుంది. 1982లో జునాగఢ్ జిల్లాలో అధికారికంగా లోక్ అదాలత్ నడిచింది. 1987 చట్టంతో దానికి శాసన హోదా వచ్చింది. చెట్టు నీడ మాత్రం చట్టంలోకి రాలేదు.

జనం నడుపుకునే చట్టాన్ని ప్రత్యక్షంగా చూడాలంటే సూరత్‌ను మించిన చోటు లేదు. ప్రపంచంలో సానబట్టే ప్రతి పది వజ్రాల్లో తొమ్మిది దాకా ఇక్కడివేనని పరిశ్రమ చెప్పుకుంటుంది. మహిధర్‌పురా వీధిలో, వరాఛా మినీ బజార్‌లో దళారులు స్కూటర్ల మీద కూర్చుని, మడత కాగితపు పొట్లాలు విప్పి లక్షల విలువైన రాళ్లు చూపిస్తుంటారు. సరుకు చేతులు మారేది 'జాంగడ్' మీద. చూసి, నచ్చితే ఉంచుకోవడానికి, లేదంటే తిరిగివ్వడానికి ఇచ్చిన సరుకని దాని అర్థం. దానికో చిన్న చిట్టీ. ఈ చిట్టీలో పెద్ద న్యాయ సూక్ష్మం దాగుంది. అప్పుమీద అమ్మితే సరుకు కొన్నవాడిదైపోతుంది. డబ్బు ఎగ్గొడితే సివిల్ దావాయే గతి. జాంగడ్‌లో సరుకు ఇంకా ఇచ్చినవాడిదే కాబట్టి దాన్ని కాజేస్తే నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు పెట్టొచ్చు. న్యాయ కళాశాల గడప తొక్కని దళారికి కూడా ఈ తేడా ఎంతో కొంత తెలుసు.

అయితే కోర్టు దాకా వెళ్లేవారు తక్కువ. ఎందుకన్నది అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యురాలు లిసా బెర్న్‌స్టీన్ 1992లో ప్రచురించిన వ్యాసం వివరించింది. న్యూయార్క్ వజ్రాల క్లబ్బులో వర్తకులు కరచాలనంతో, ఒక హీబ్రూ ఆశీర్వచనంతో బేరం ముగిస్తారు. తగాదా వస్తే క్లబ్బు మధ్యవర్తులే తేలుస్తారు. తీర్పు పాటించనివాడి ఫొటో క్లబ్బు గోడకెక్కుతుంది, ఆ కబురు ప్రపంచంలోని ఇతర బోర్సులకూ చేరుతుంది. ఇక వాడికి సరుకిచ్చే నాథుడుండడు. కోర్టు వేసే జరిమానాకంటే పరువు నష్టం ఖరీదైనది కాబట్టి మాట నిలబడుతుంది. న్యూయార్క్‌లో యూదు వర్తకులు చేసిన పనినే సూరత్‌లో సౌరాష్ట్ర పటేళ్లు, పాలన్‌పురీ జైనులు తమ బంధుత్వాలు, ఊరి సంబంధాల ఆసరాతో చేశారు. పెళ్లి సంబంధాలకు, ఉద్దర పరిమితికి ఇక్కడ ఒకటే కొలబద్ద: ఆబ్‌రూ. పరువు అన్నమాట. 2023 డిసెంబరు 17న ప్రధాని ప్రారంభించిన సూరత్ డైమండ్ బోర్స్‌లో 4,000కు పైగా కార్యాలయాలున్నా, వీధి బజారు ఖాళీ అయిపోలేదు.

చీరల వ్యాపారమూ ఇదే సూత్రం మీద పెరిగింది. విజయవాడ వస్త్రలతలోనో, హైదరాబాద్ మదీనా దగ్గరో తెలుగు ఇల్లాలు బేరమాడి కొనే సింథటిక్ చీర వెనక సూరత్ రింగ్‌రోడ్ మార్కెట్ నుంచి నెలల తరబడి అప్పుమీద వచ్చిన సరుకు ఉంటుంది. మధ్యలో ఆడతియా పూచీ. రాతపూర్వక ఒప్పందం అడిగితే అవమానంగా భావించే చోటది. ఈ సంస్కృతిలోకి చట్టం అడుగుపెడితే ఏమవుతుందో 2024లో తెలిసింది. సూక్ష్మ, చిన్న తరహా ఉత్పత్తిదారులకు సకాలంలో డబ్బు చెల్లించకపోతే, ఆ కొనుగోలును ఆ ఏడాది ఖర్చు కింద చూపించడానికి వీల్లేదని 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టానికి 43బి(హెచ్) నిబంధన జోడించింది. 2024-25 మదింపు సంవత్సరం నుంచి అది అమలైంది. గడువు ఎంత? 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టమే చెబుతుంది: రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల దాకా, లేకపోతే 15 రోజులు.

అంటే నోటి మాటకు చట్టం వేసిన వెల 30 రోజులు. మాట మీద నడిచే బజారుకు ఇంతకంటే ఎగతాళి ఉండదు. చిన్నవాడికి డబ్బు త్వరగా అందాలన్నది చట్టం ఉద్దేశం. కొందరు కొనుగోలుదారులు చేసింది మరొకటి. ఆ నిబంధన వర్తించని పెద్ద సంస్థల వైపు మళ్లడం, మార్చి నెలాఖరు లోపు సరుకు వెనక్కి పంపడం. రక్షణ కోసం గొడుగు పట్టిన చిన్న ఉత్పత్తిదారుల్లోనే కొందరు 'ఈ గొడుగు మాకొద్దు' అనే పరిస్థితి వచ్చింది. చట్టం చేసేవాళ్లు ప్రవర్తనను నిటారుగా గీసిన గీతగా ఊహిస్తారు. అది నీటిలా పల్లం వెతుక్కుంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వజ్రాల దళారికీ, చీరల సేఠ్‌కూ పరువు చట్టంగా పనిచేస్తుంది, సరే. వాళ్లు రోజూ ఎదురుపడేవాళ్లు, రేపు మళ్లీ ఒకరితో ఒకరికి పనిపడేవాళ్లు. పరువు పోతే ఇద్దరికీ నష్టమే. కోసాడ్ చుట్టుపక్కల అమ్రోలి, సాయణ్ వైపు విస్తరించిన మరమగ్గాల షెడ్లలో పనిచేసేవాడి మాటేమిటి? ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చినవారే ఈ పనిలో ఎక్కువ. సూరత్ మరోవైపు లింబాయత్, డిండోలి ప్రాంతాల్లో వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీలు తరాలుగా మగ్గాల మీదే బతుకుతున్నారు. దసరా ముందు అక్కడి గల్లీల్లో బతుకమ్మ పాటలు వినిపిస్తాయి. మగ్గం దగ్గర అందరిదీ ఒకటే లెక్క. మీటరుకింత. 12 గంటల షిఫ్టు. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకునే మెస్సులు.

యజమానికి పరువు పోతుందన్న భయం కార్మికుడి విషయంలో ఉండదు. ఒకడు వెళితే మరొకడు రైల్లో దిగుతాడు. ఇక్కడ చట్టం ఉండాల్సింది, అదీ కాగితం రూపంలో. ఉందా అంటే, పుస్తకంలో భేషుగ్గా ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలని, అదనపు పనికి రెట్టింపు వేతనమని చెప్పేది. కానీ అది వర్తించేది విద్యుత్తుతో నడిచే చోట 10 మంది, అంతకుమించి ఉంటేనే. అందుకే ఒకే కప్పు కింద నడిచే మగ్గాలను కాగితాల మీద అన్న పేరున కొన్ని, తమ్ముడి పేరున కొన్ని, కోడలి పేరున కొన్ని విడదీసి, దుకాణాల చట్టం కింద నమోదు చేయించడం ఇక్కడ పాత విద్య. 1960ల ఆరంభం నుంచి దక్షిణ గుజరాత్ కూలీల బతుకులను పరిశీలించిన నెదర్లాండ్స్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ రచనల్లో ఈ లోకం వివరంగా కనిపిస్తుంది.

లాక్‌డౌన్ కాలంలో తమాషా ఒకటి జరిగింది. 2020 ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో 12 గంటల పనిని అనుమతిస్తూ, అదనపు గంటలకు రెట్టింపు వేతనం అక్కర్లేదని నోటిఫికేషన్ ఇచ్చింది. గుజరాత్ మజ్దూర్ సభ కేసులో సుప్రీంకోర్టు అదే ఏడాది అక్టోబరు 1న దాన్ని కొట్టేసింది. కార్మిక సంఘాలకు అది ఘన విజయం, అందులో సందేహం లేదు. మగ్గం షెడ్లో మాత్రం నోటిఫికేషన్‌కు ముందు 12 గంటలే, తీర్పు తర్వాతా 12 గంటలే.

మగ్గాల మోత సంగతీ చెప్పుకోవాలి. చట్టాన్ని అర్థశాస్త్రంతో ముడిపెట్టిన ఆద్యుల్లో ఒకరైన షికాగో ఆచార్యుడు రోనాల్డ్ కోస్ 1960 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలో చప్పుడునే ఉదాహరణగా తీసుకున్నారు. 1879 నాటి ఇంగ్లండ్ కేసు అది. మిఠాయి తయారీదారు రోకలి చప్పుడుకు పక్కింటి డాక్టర్‌కు రోగిని పరీక్షించడం కష్టమైంది, కోర్టుకెక్కాడు. బేరమాడుకోవడానికి ఖర్చేమీ లేకపోతే, హక్కు ఎవరిదని కోర్టు చెప్పినా ఇద్దరూ మాట్లాడుకుని లాభసాటి ఏర్పాటుకే వస్తారని కోస్ వాదన. ఆయనకు 1991లో నోబెల్ వచ్చింది. కానీ బేరానికి ఖర్చు ఉంటుందని, అప్పుడు హక్కు ఎవరిదన్నదే ముఖ్యమవుతుందని కూడా ఆయనే చెప్పారు. చాలామంది ఆ సగం మర్చిపోతారు. నివాస ప్రాంతంలో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదని 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతున్నాయి. షెడ్డు పైఅంతస్తు మెస్సులో పడుకునే కార్మికుడికి ఆ రాత్రి కూడా తన మగ్గం చప్పుడే జోలపాట. ఎవరితో బేరమాడాలి? ఆ చప్పుడు ఆగితే అతడి కూలీ కూడా ఆగుతుంది.

రంగ్‌పూర్ చెట్టు కింద ఇరుపక్షాలూ ఒకే ఊరివాళ్లు. న్యూయార్క్ క్లబ్బులో ఇరుపక్షాలూ సభ్యులు. కోసాడ్ ఆవాస్‌లో కవర్ పట్టుకున్న కుటుంబానికీ, షెడ్లో మీటర్లు లెక్కపెట్టుకునే కార్మికుడికీ అలాంటి సభ్యత్వం ఏదీ లేదు. జనం చట్టం గొప్పదని మురిసిపోయే ముందు ఆ జనంలో ఎవరెవరున్నారో చూడాలి.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టం వాటిలో కలిసిపోయింది. విద్యుత్తు వాడే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి పెరిగింది. అదే సమయంలో వృత్తి భద్రత కోడ్ ఇంకో మాట చెప్పింది: ప్రతి ఉద్యోగికీ యజమాని నియామక పత్రం ఇవ్వాలి. ఎవరి దగ్గర, ఏ పనికి, ఎంత జీతానికి అన్నది కాగితం మీద ఉండాలి. మీటరుకింత అని నోటితో చెబితే విని పనిలో దిగినవాడికి ఇది చిన్న విషయం కాదు. వేతనం ఎగ్గొడితే, చేతి వేళ్లు తెగితే, తాను అక్కడ పనిచేశానని రుజువు చేసుకోవడానికి ఇన్నేళ్లుగా అతడి దగ్గర లేనిది ఆ కాగితమే. వజ్రానికి చిట్టీ ఉంది, దాన్ని సానబట్టిన చేతికి లేదు.

ఆ కోడ్ వర్తించే 'సంస్థ' అంటే ఏమిటో కూడా అందులోనే నిర్వచించారు. సాధారణంగా 10 మంది, అంతకు పైబడి కార్మికులున్నది. అన్న పేరున ఉన్న మగ్గాల దగ్గర కాగితాల మీద కనిపించేది తొమ్మిది మందే. తమ్ముడి పేరున ఉన్నవాటి దగ్గరా తొమ్మిది మందే.